గచ్చు మీద ఇంజిన్ ఆయిల్ ఒలికింది: నీళ్లు కొట్టాలా, వద్దా?

కొత్తపానా
ఈ ఉదయం మొదటిసారి ఇంట్లోనే కారు ఆయిల్ మార్చాను. ఇంజిన్ అడుగున ఆయిల్ దించడానికి ఉండే డ్రెయిన్ బోల్ట్ విప్పగానే ధార ముందుకు ఎగిరి పడుతుందని తెలుసు కాబట్టి ట్రేని కాస్త ముందుకు జరిపే పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది. ఇక ఫిల్టర్ పని చూద్దామని లేచాను. లోపల ఆయిల్ తగ్గేకొద్దీ ధార బలం తగ్గి నిట్టనిలువుగా, బోల్ట్ కిందకే పడడం మొదలైంది. ట్రే మాత్రం ముందే ఉండిపోయింది. నేను చూసేసరికి దాదాపు లీటరు ఆయిల్ గచ్చు మీద పారుతోంది. నేల గేటు వైపు వాలుగా ఉంది, సన్నటి నల్ల పాయ అటే పోతోంది. పాత బనియన్లు అడ్డం వేసి ఆపాను.

సబ్బు పొడి చల్లి పైపుతో కొట్టెయ్, పది నిమిషాల పని అంటున్నాడు అన్నయ్య. చుక్క నీళ్లు కూడా తగలనివ్వొద్దు, ఆయిల్ పీల్చే పొడి ఏదైనా చల్లి ఊడ్చెయ్ అంటున్నారు పక్కింటాయన. ఆయిల్ ఇంకా అలాగే ఉంది. ఏది చెయ్యాలో, ఎందుకో చెప్పండి.

నాలుగోగేరు
కడిగేయండి. ఆలస్యమయ్యేకొద్దీ గచ్చు పీల్చేసుకుంటుంది. నేను చాలా ఏళ్లుగా ఇంట్లోనే మారుస్తున్నాను. ఒలికినప్పుడల్లా సబ్బు పొడి, గట్టి బ్రష్, పైపు, అంతే. పొడి చల్లి ఊడ్చే పద్ధతికి రోజు పడుతుంది. ఈలోగా ఇంట్లో ఎవరైనా కాలు జారి పడితే?

గచ్చుమేస్త్రి
ఆలస్యం వద్దన్న మాట నిజమే. నీళ్ల దగ్గరే నేను ఒప్పుకోను. సిమెంటు నేలలు వేయడం నా వృత్తి. గచ్చు చూడ్డానికి రాయిలా ఉన్నా దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. వత్తి నూనెను లాగినట్టు అవి ఆయిల్‌ను లోపలికి లాగుతాయి. పైన మడుగు ఉన్నంతసేపూ లాగుతూనే ఉంటాయి. అందుకే ముందు ఆ మడుగును ఎత్తెయ్యాలి. పైపు పెడితే ఆయిల్ నీళ్ల మీద తేలి, ఇప్పటిదాకా శుభ్రంగా ఉన్న చోటుకి కూడా పాకుతుంది. చిన్న మరక కాస్తా వాకిలంత అవుతుంది.

రంపపు పొట్టు గానీ, పొడి ఇసుక గానీ, పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు గానీ తీసుకోండి. అన్నిటికంటే మట్టి గుళికలే బాగా పీలుస్తాయి. ముందు అంచుల చుట్టూ గట్టులా పోసి, ఆ తర్వాత మధ్యలోకి రండి. చాలామంది చల్లి వదిలేస్తారు, తప్పు అక్కడే. ఇటుక ముక్కతోనో పాత బూటు మడమతోనో గట్టిగా నలపండి. గుళికలు పిండి అయితేనే రంధ్రాల్లో ఉన్నదాన్ని కూడా లాగుతాయి. మొదటి విడత నల్లటి ముద్దలా వస్తుంది. ఊడ్చి ఎత్తేసి, రెండో విడత చల్లి, నలిపి, రాత్రంతా ఉంచండి. ఎవరూ తొక్కకుండా చుట్టూ ఏదైనా అడ్డం పెట్టండి.

పొద్దున మిగిలిన జిడ్డుకి గిన్నెలు తోమే లిక్విడ్, నైలాన్ బ్రష్, కాసిని వేడినీళ్లు. ఆ నురగని కూడా పొట్టుతోనే ఎత్తాలి. ఇనుప బ్రష్ వద్దు, గచ్చు గీసుకుపోతుంది.

వానకాలువ
అందరూ మరక గురించే మాట్లాడుతున్నారు. గేటు వైపు పోయే ఆ నల్ల నీళ్లు ఎక్కడికి చేరతాయో ఒక్కసారి ఆలోచించండి. రోడ్డు పక్క వాన కాలువలో పడ్డది చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా చెరువుకో ఏటికో పోతుంది. సబ్బు ఆయిల్‌ని మాయం చెయ్యదు. సన్నటి బిందువులుగా విడగొట్టి నీళ్లలో కలుపుతుంది, అంతే. మన వాకిలి శుభ్రంగా కనిపిస్తుంది, ఆయిల్ మాత్రం ఇంకొకరి నీళ్లలో ఉంటుంది.

ఒక గ్యాలన్ వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. ఆ లెక్కన మీ వాకిట్లో ఉన్న లీటరుకి పది లక్షల లీటర్లు. పైగా ఇది కొత్త ఆయిల్ కాదు. ఇంజిన్‌లో అరిగిన లోహపు రజను, మసి, క్యాన్సర్ తెచ్చే కొన్ని హైడ్రోకార్బన్లు ఇందులో చేరతాయి. దయచేసి గ్లవ్స్ వేసుకోండి, వట్టి చేతులతో ఆ బనియన్లు పిండకండి.

నాలుగోగేరు
కాలువ సంగతి నేను అంతగా ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మా ఇంటి నీళ్లు వాన కాలువలోకి పోవు, మురుగు పైపులో కలిసి శుద్ధి కేంద్రానికి పోతాయి. అప్పుడు ఇబ్బందేమిటి? ఇంకో మాట. ఆయిల్ పారుతున్న నిమిషంలో రంపపు పొట్టు కోసం ఎవరు పరిగెత్తగలరు?

వానకాలువ
శుద్ధి కేంద్రంలో మురుగుని విరిచేవి బ్యాక్టీరియా. ఆయిల్ వాటి పనికి అడ్డం పడుతుంది. పైపుల్లోనూ జిడ్డు పేరుకుంటుంది. పొట్టు లేకపోతే పొడి మట్టి, చల్లారిన బూడిద, పాత పేపర్లు, ఏది అందితే అది వేయొచ్చు. ఒక సంచి ముందే సిద్ధం చేసుకున్నాకే పానా చేతిలోకి తీసుకోవాలని నేను గట్టిగా అంటాను. చాలా కార్ల ఇంజిన్‌లో సుమారు మూడు నుంచి ఐదు లీటర్ల దాకా ఉంటుంది. అంతా పొర్లినా ఆపగలిగేంత ఉండాలి.

నల్లచేతులు
ఇంత శ్రమ ఎందుకు, కాస్త పెట్రోల్ పోసి గుడ్డతో తుడిస్తే జిడ్డు కరిగిపోతుంది కదా? లేదంటే యాసిడ్.

గచ్చుమేస్త్రి
వద్దండీ, దయచేసి ఆ పని చెయ్యకండి. పెట్రోల్ ఆవిరి సున్నాకి 40 డిగ్రీల కింద చలిలో కూడా నిప్పు అందుకుంటుంది. పైగా అది ఆయిల్‌ని పలచన చేసి ఇంకా లోతుకి దించుతుంది. తారు నేల అయితే తారే కరుగుతుంది. ఇక యాసిడ్ తినేది సిమెంటుని, జిడ్డుని కాదు. మరక అలాగే ఉండి గచ్చు గరుకుతేలుతుంది.

నీలిడబ్బా
ఎత్తిన పొట్టు, బనియన్లు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. నూనె గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయని కొందరు భయపెడతారు. ఆ గుణం ప్రధానంగా అవిసె నూనె లాంటి ఆరిపోయే నూనెలది, ఇంజిన్ ఆయిల్‌కి మామూలుగా ఆ బెడద ఉండదు. అయినా నిప్పు తగిలితే బాగా మండుతుంది కాబట్టి దూరంగానే ఉంచాలి. ట్రేలోని ఆయిల్‌ని వేరే డబ్బాలో పొయ్యండి. అందులో నీళ్లు, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కలపకుండా వాడిన ఆయిల్ సేకరించే చోట ఇస్తే శుద్ధి చేసి మళ్లీ ఆయిల్‌గా మార్చగలరు. ఏదైనా కలిపితే అది వాళ్లకి పనికిరాకపోవచ్చు.

కొత్తపానా
మరుసటి రోజు. పొట్టు దొరకలేదు, పొడి ఇసుకతో గట్టు కట్టాను, తర్వాత మట్టి గుళికలు తెచ్చి రెండు విడతలు నలిపాను. మొదటి విడత తారు ముద్దలా వచ్చింది. రెండోది పొద్దున చూస్తే లేత గోధుమ రంగు. సబ్బు పనికి చెంబెడు నీళ్లు చాలాయి. ఒక్క చుక్క గేటు దాటలేదు. పళ్లెమంత నీడ మిగిలింది, తడిపితే కనిపిస్తుంది, ఆరితే దాదాపు లేదు. అన్నయ్య మాత్రం కడిగితే అది కూడా ఉండేది కాదంటున్నాడు.

ఒక్కటే టెన్షన్. రాత్రి కారు కింద పరిచిన అట్ట మీద కొత్తగా మూడు చుక్కలు పడ్డాయి.

గచ్చుమేస్త్రి
ఆ నీడని ఇంకో రెండు విడతలు పొడి వేసి చూడండి, తగ్గుతుంది.

నాలుగోగేరు
చుక్కల గురించి: బోల్ట్ కింద ఉన్న ఇనుప చట్రం మీద నిన్నటి ఆయిల్ నిలిచి ఉంటే అదే కారుతుంది, గుడ్డతో తుడిచేసి కొత్త అట్ట వెయ్యండి. మళ్లీ పడితే మాత్రం కారు తియ్యకండి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందా? ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మొత్తం బయటికి కొట్టేస్తుంది.

కొత్తపానా
నిన్న తీసి పక్కన పెట్టిన పాత ఫిల్టర్‌ని ఇప్పుడే చూశాను. రింగు దానికే ఉంది. చట్రం తుడిచి కొత్త అట్ట వేశాను.