ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసు నడిపే లాయర్) అయితే పెద్ద కేసుల దర్యాప్తు మన చేతిలో ఉంటుందా?

హనుమకొండ జూనియర్:
నమస్కారం. క్రిమినల్ సైడ్ సీనియర్ గారి దగ్గర నాలుగేళ్లుగా జూనియర్‌గా ఉన్నాను. ఏపీపీ పరీక్షకు చదవాలని ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 20వ సెక్షన్ చూశాక ఆశ పెరిగింది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసులను ప్రాసిక్యూటర్లకు పై అధికారైన డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్ పర్యవేక్షిస్తారని ఉంది కదా. అంటే దర్యాప్తు ఎలా చేయాలో మనమే చెప్తామా? మా ఆయనేమో "పోలీసులు రాసింది కోర్టులో చదవడమేగా" అంటున్నారు.

రిటైర్డ్ పీపీ:
అమ్మా, మీ ఆయన మాట సగం తప్పు, మీ ఆశ సగం తప్పు. దర్యాప్తు పోలీసులదే. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) అభిప్రాయం తీసుకుని దాని ప్రకారమే ఛార్జిషీట్ వేయమని ఐఓను (దర్యాప్తు అధికారిని) ఆదేశించడం కుదరదని సుప్రీంకోర్టు 2000లో సరళ కేసులో చెప్పింది. అలాగని మనం పోస్టాఫీసూ కాదు. ఆ మాట కూడా సుప్రీంకోర్టుదే, 1994లో హితేంద్ర ఠాకూర్ కేసులో.

మరి మన చేతిలో ఏముంది? ఫైలు, పెన్ను.

ఒకటి చెప్తాను. పాత సీఆర్‌పీసీ రోజుల్లో ఒక మర్డర్ కేసు సీడీ ఫైలు (కేస్ డైరీ, అంటే పోలీసుల దర్యాప్తు రికార్డు) ముద్దాయి రిమాండ్ అయిన 86వ రోజున నా టేబుల్ మీదికొచ్చింది. ఛార్జిషీట్ పడకుండా 90 రోజులు దాటితే ముద్దాయికి బెయిలు హక్కుగా వచ్చేస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు, సంతకం ఒక్కటే బాకీ అన్నట్టు. కన్ఫెషన్ పంచనామా (ముద్దాయి ఒప్పుకోలును సాక్షుల ముందు రాసుకున్న కాగితం) ఉదయం 7.30కి మొదలైంది. ఆ కన్ఫెషన్‌తో దొరికిందన్న కత్తి సీజ్ చేసింది 6.15కి! ముద్దాయి చెప్పకముందే కత్తి ఎలా దొరికిందయ్యా అన్నాను. "క్లరికల్ మిస్టేక్ సార్, టైము దిద్దేస్తాం" అన్నాడు.

దిద్దొద్దన్నాను. ఆ పంచనామా కాపీ రిమాండ్ నాడే మెజిస్ట్రేట్ గారికి చేరిపోయింది. డిఫెన్స్ వాళ్లు రెండు కాపీలూ పక్కపక్కన పెడితే కత్తితో పాటు కేసంతా మునుగుతుంది. టైముల తేడా ఉన్నది ఉన్నట్టు నోట్‌లో రాశాను. కత్తి మీద ఆధారపడొద్దు, కళ్లారా చూసిన పెద్దాయన చేత మెజిస్ట్రేట్ ముందు సీఆర్‌పీసీ 164 సెక్షన్ కింద స్టేట్‌మెంట్ ఇప్పించండని సూచించాను. ఛార్జిషీట్ 90వ రోజు సాయంత్రం పడింది. ఆ నాలుగు రోజుల టెన్షన్‌కి నాకు బీపీ మాత్రలు మొదలయ్యాయి, అది వేరే సంగతి.

ట్రయల్‌లో కత్తి రికవరీని కోర్టు నమ్మలేదు. పెద్దాయన మాత్రం డిఫెన్స్ వాళ్ల క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెక్కుచెదరలేదు. జీవిత ఖైదు పడింది.

డిఫెన్స్ లాయర్, గుంటూరు:
పీపీ గారు చెప్పింది నిజం. మేం మొదట వెతికేదే ఆ టైములు. ఇంకో ముచ్చట: ప్రాసిక్యూషన్ పోలీసు శాఖ కింద ఉండకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెబితే, ఏపీపీల పరీక్ష ఇప్పటికీ పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డే పెడుతోంది! 2021లో తెలంగాణలో 151 పోస్టులకూ అంతే.

హనుమకొండ జూనియర్:
థాంక్యూ సార్. పెద్దవాళ్ల కేసులు వెనక్కి తీసుకోమని పైనుంచి ఒత్తిడి వస్తే?

రిటైర్డ్ పీపీ:
వస్తుంది, ఎక్కువగా ఫోన్‌లో వస్తుంది. కేసు ఉపసంహరణ పిటిషన్ వేయాల్సింది పీపీయే, అదీ తన బుర్రతో ఆలోచించి. ఆపైన కోర్టు ఒప్పుకోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేల మీదున్న కేసులైతే హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేనైతే "లెటర్ పంపండి సార్, ఫైల్లో పెడతాను" అనేవాణ్ని. చాలాసార్లు ఆ లెటర్ వచ్చేది కాదు.

హనుమకొండ జూనియర్:
ఆ ఇన్‌స్పెక్టర్ గారు మీ మీద కోపం పెట్టుకోలేదా సార్?

రిటైర్డ్ పీపీ:
రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. తర్వాతి మర్డర్ ఫైలు మాత్రం 60వ రోజుకే పంపాడు.