చాపెల్‌లో రూతు 2వ అధ్యాయం చెప్పాలి, ఎలా చెప్పమంటారు?

పరకాల అబ్బాయి:

అందరికీ వందనాలు. నేను ఒక బాప్టిస్టు సెమినరీలో మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. వచ్చే గురువారం ఉదయం చాపెల్‌లో (సెమినరీ ఆరాధనలో) వాక్యం చెప్పే వంతు నాది. పాఠ్యభాగం వాళ్లే ఇస్తారు, నాకు రూతు రెండో అధ్యాయం వచ్చింది, మోయాబు దేశం నుంచి అత్త నయోమితో వచ్చిన విధవ రూతు, బోయజు పొలంలో పరిగె ఏరే భాగం. ఇరవై నిమిషాలు. ముందు వరసలో అధ్యాపకులు ఉంటారు, హోమిలెటిక్స్ (ప్రసంగ కళ) సార్ మార్కుల షీటుతో కూర్చుంటారు, వెనక మా క్లాసువాళ్లు, జూనియర్లు.

మా ఊరి సంఘంలో వాక్యం చెప్పాను, పందిరి కూటాల్లో సాక్ష్యం చెప్పాను, ఎప్పుడూ భయపడలేదు. చాపెల్ అంటే మాత్రం టెన్షన్‌గా ఉంది. అక్కడ కూర్చున్నవాళ్లందరికీ ఈ కథ నాకంటే బాగా తెలుసు. తెలిసిన కథ మళ్లీ చెప్తే ఎవరు వింటారు?

ఇప్పటికి రాసుకున్నది ఇది: రూతు విధేయత, రూతు వినయం, రూతు విశ్వాసం. మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, గుర్తుంటాయి. హెబ్రీలో 'హెసెద్' (విడవని దయ) అనే మాట గురించి చెప్పకపోతే సార్ మార్కులు వేయరని మా రూమ్మేట్ అంటున్నాడు.

ఇంకో సంగతి. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు మా అమ్మే కనిపిస్తుంది. నా చిన్నప్పుడు వరి కోసిన మళ్లలో పరిగె ఏరేది. కోత మిషన్లు వచ్చాక అది పోయింది, ఇప్పుడు పత్తికీ మిర్చికీ పోతుంది. ఇది చాపెల్‌లో చెప్పొచ్చా? జాలి కోసం చెప్పినట్టు ఉంటుందేమో. కాగితం చూసి చెప్పాలా, చూడకుండా చెప్పాలా? పెద్దలు సలహా ఇవ్వండి.

భూపాలపల్లి సీనియర్:

తమ్ముడూ, నాలుగేళ్ల కింద నేనూ ఆ వరస ముందే నిలబడ్డాను. పనికొచ్చే మాటలు రెండు చెప్తాను, వాక్యం సంగతి పెద్దవాళ్లు చెప్తారు.

ఇరవై నిమిషాలు ఇచ్చారంటే పదిహేను నిమిషాలకే రాసుకో. కీర్తన ఒక చరణం ఎక్కువ పాడతారు, ప్రకటనలు ఉంటాయి, చాపెల్ అయిన వెంటనే క్లాసు ఉంటుంది. టైమ్ దాటితే ఆఖరి మాట ఎవరికీ ఎక్కదు, అందరూ పుస్తకాలు సర్దుకుంటుంటారు.

హెసెద్ సంగతి: అది ఈ అధ్యాయంలో ఇరవయ్యో వచనంలో, నయోమి నోట వస్తుంది. నీ ప్రసంగం అక్కడిదాకా వెళ్తే చెప్పు. వెళ్లకపోతే మార్కుల కోసం ఈడ్చుకురావద్దు. సార్లు కూడా అంత తెలియనివాళ్లు కాదు, అతికించినది వెంటనే కనిపెడతారు.

హన్మకొండ పాస్టరు (రిటైర్డ్):

బాబూ, నీ మూడు అంశాలూ పక్కన పెట్టు. వాటిలో తప్పేమీ లేదు. కానీ అవి రూతు గ్రంథం తెరవకుండానే చెప్పగలిగినవి. హన్నా గురించీ దానియేలు గురించీ అవే మూడూ చెప్పొచ్చు. ఎవరికైనా సరిపోయే మాటలు చెప్పడానికి నీకు రెండో అధ్యాయం ఎందుకు?

అధ్యాయం మొత్తం చెప్పాలని కూడా చూడకు. తొమ్మిదో వచనం దగ్గర ఆగు. బోయజు అక్కడ రూతుతో రెండు మాటలు అంటాడు. నిన్ను ముట్టకూడదని పనివాళ్లకు ఆజ్ఞాపించానంటాడు. దాహమైతే కుండల దగ్గరికి వెళ్లి, పనివాళ్లు చేదిన నీళ్లు తాగమంటాడు. మనం ఈ వచనం గబగబా చదివేసి, పన్నెండో వచనంలో దేవుని రెక్కల దగ్గరికి వెళ్లిపోతాం. రెక్కల మాట చాలా గొప్పది, నలభై ఏళ్లకు పైగా నేనూ ప్రకటించాను. అయితే ఆ రెక్కల నీడ ఆ ఎండలో, ఆ పొలంలో ఎట్లా దొరికిందో చెప్పేది తొమ్మిదో వచనమే.

ఆమె మోయాబు స్త్రీ. ఆ సంగతి మనం మరిచిపోకుండా అధ్యాయం మళ్లీ మళ్లీ గుర్తు చేస్తుంది. మోయాబీయులు యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో రాసి ఉంది. అట్లాంటి మనిషి చేయి మా నీళ్ల కుండ మీద పడొచ్చని పొలం యజమాని తన పనివాళ్లు ఉన్న చోట అంటున్నాడు. ఇంకొకటి గమనించు. ఆదికాండంలో రిబ్కా నీళ్లు చేది పోస్తుంది, నిర్గమకాండంలో యిత్రో కూతుళ్లు చేదుతారు. నీళ్లు చేదడం ఆడవాళ్ల పని. ఇక్కడ మగ పనివాళ్లు చేదిన నీళ్లు పరాయి దేశం ఆడమనిషి తాగుతోంది. ఇది నీ క్లాసులో ఎంతమందికి తట్టిందో చూడు. తెలిసిన కథలో ఎవరూ ఆగని చోట ఆగితే వాళ్లు వింటారు.

ఇక మన దిక్కు సంగతి. మా నాన్న దొర పొలంలో జీతం ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం దాహమైతే బావి గట్టు కింద కూర్చుని దోసిలి పట్టాలి. పైనుంచి ఎవరైనా పోస్తే తాగాలి, నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయేవి. పోసేవాళ్లు ఆ దారిన రాకపోతే దాహంతోనే పనికి పోవాలి. కడవ ముట్టుకునే ప్రశ్నే లేదు. నీ చాపెల్‌లో కూర్చునే పిల్లల్లో చాలామంది అట్లాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల తాతల దాహం బైబిల్లో ఉందని వాళ్లకు ఎవరైనా చెప్పారా? నువ్వు చెప్పు.

మన బాప్టిస్టు చరిత్ర కూడా నీళ్ల దగ్గరే ఉంది. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరి బావి ముట్టుకోనివ్వని మనుషులు ఏటి నీళ్లలోకి అందరూ కలిసి దిగారు. ఆ మరుసటి ఏడాది, 1879లో, మన హన్మకొండలో మిషన్ పని మొదలైంది. ఇదంతా ప్రసంగంలో పెట్టమనడం లేదు, ఒక్క వాక్యం చాలు. కానీ ఏ నేల మీద నిలబడి మాట్లాడుతున్నావో నీకు తెలిసి ఉండాలి.

కాగితం గురించి అడిగావు. మీ హోమిలెటిక్స్ సార్‌కు ఈ సంగతి తప్పకుండా తెలిసి ఉంటుంది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక, 1865లో, గ్రీన్‌విల్‌లోని సదరన్ బాప్టిస్టు సెమినరీ మళ్లీ తెరిచారు. వచ్చినవాళ్లు ఏడుగురు. జాన్ బ్రాడస్ చెప్పే ప్రసంగ కళ తరగతికి ఒక్కడే చేరాడు, అతనికీ చూపు లేదు. ఆ ఒక్కడి కోసం బ్రాడస్ ఎంతో శ్రద్ధగా తయారు చేసుకున్న పాఠాలే 1870లో పుస్తకంగా వచ్చి, తరతరాల సెమినరీ పిల్లలకు పాఠ్యపుస్తకం అయ్యాయి. నువ్వు కూడా చూపు లేని మనిషి ఒకడు నీ ముందు కూర్చున్నాడనుకుని తయారవు. నీ చేతులు ఊపడం, ముఖం, నీ అక్షరాల వరస ఏవీ అతనికి కనిపించవు. విన్నది విన్నట్టు అర్థం కావాలి. అందుకని మొత్తం రాసుకో, గట్టిగా చదువుకో, నోరు తిరగని వాక్యం కొట్టేయి. చాపెల్‌లోకి మాత్రం అరపేజీ తీసుకెళ్లు.

అమ్మ గురించి తప్పకుండా చెప్పు. అయితే కష్టపడి చదివించిందన్న మాట వద్దు, అది అందరి అమ్మల సంగతీ. పొలంలో మీ అమ్మ నీళ్లు ఎక్కడ తాగుతుంది? ఇవాళే ఫోన్ చేసి అడుగు. ఆమె ఏం చెప్తే అది, ఆమె మాటల్లోనే చెప్పు.

కాజీపేట అక్క:

తమ్ముడూ, నేను వాక్యం చెప్పేదాన్ని కాదు, వినేదాన్ని. మా సంఘంలో ఆడవాళ్లం ఎడమ పక్క చాపల మీద కూర్చుంటాం. రూతు అనగానే మా వైపు తిరిగి, కోడలంటే ఇట్లా ఉండాలి అని చెప్పడం చాలాసార్లు విన్నాను. దయచేసి నువ్వు ఆ పని చేయొద్దు. అత్త మాట వినమని చెప్పడానికి మాకు ఇళ్లలో మనుషులున్నారు.

పాస్టరుగారు చెప్పిన వచనం చాలా మంచిది. నేను మొదటి సగం గురించి చెప్తాను. నిన్ను ముట్టకూడదని ఆజ్ఞాపించాను అన్నాడు బోయజు. ఇరవై రెండో వచనంలో నయోమి కూడా అదే భయంతో, వేరే చేనికి పోవద్దంటుంది. అంటే ఆ రోజుల్లో ఒంటరి ఆడమనిషి పొలానికి పోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మా బస్తీ నుంచి పొద్దున చీకటితోనే ఆటోల్లో కిక్కిరిసి పనులకు పోయే ఆడవాళ్లకూ తెలుసు. మేస్త్రీ మాటలు ఎట్లా ఉంటాయో, బయటికి పోవాలంటే ఎంత దూరం పోవాలో, ఎందుకు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటారో మేం మాట్లాడుకుంటాం. పుల్పిట్ మీద నుంచి ఎవరూ మాట్లాడరు.

బోయజు ఆమెను జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోలేదు. మగవాళ్లకు చెప్పాడు, ముందే చెప్పాడు. మీ చాపెల్‌లో కూర్చున్నవాళ్లు రేపో ఎల్లుండో పాస్టర్లు అవుతారు, మాట చెల్లే స్థానంలో ఉంటారు. వాళ్లకు రూతులాగా ఉండమని కాదు చెప్పాల్సింది, బోయజు చేసింది చేయమని చెప్పాలి. మీ సంఘంలో ఎవరికి ఏం ఆజ్ఞాపిస్తారు అని అడుగు. నేను అక్కడ ఉంటే అదే వినాలనుకుంటాను.

పరకాల అబ్బాయి:

అయ్యగారూ, అక్కా, అన్నా, మీ ముగ్గురికీ చాలా వందనాలు. రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. నీళ్లు ఎక్కడ తాగుతావంటే, ఎందుకురా ఈ ప్రశ్న అని మొదట నవ్వింది. తర్వాత చెప్పింది. పాత కూల్‌డ్రింక్ సీసాలో ఇంటి నుంచి తీసుకుపోతుందట, తడిగుడ్డ చుట్టి గట్టు మీద చెట్టు నీడలో పెడుతుందట. మధ్యాహ్నానికి అది అయిపోతే రైతు బండి మీద తెచ్చిన క్యాన్ ఉంటుంది, అందరూ ఒకటే గ్లాసుతో తాగుతారు. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరని చెప్పింది.

అందరూ అంటే అందరూనా అని అడిగాను. మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, వాళ్లు క్యాన్ దగ్గరికి రారు, మోటారు దగ్గర పైపు నీళ్లు తాగుతారు అంది. ఎవరైనా వద్దన్నారా అంటే, వద్దనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు అంది. కాసేపు ఆగి, మేమూ అనలేదు బిడ్డా అంది.

నేను ఇన్ని రోజులూ అమ్మను రూతు స్థానంలో పెట్టుకుని చదువుతున్నాను. ఇప్పుడు ఆ కుండ దగ్గర మేమే ఉన్నాం, దూరంగా నిలబడ్డది వేరేవాళ్లు. అయ్యగారూ, ఇది చెప్తే అమ్మను తప్పుపట్టినట్టు అవుతుందా? మా క్లాసులో కొందరికి నచ్చకపోవచ్చు కూడా. మన కష్టం చెప్పమంటే మన తప్పు చెప్తావేంటి అంటారేమో.

హన్మకొండ పాస్టరు (రిటైర్డ్):

అమ్మను అడిగి చెప్పు. నువ్వు ఇట్లా చెప్పబోతున్నానని ఆమెకు చెప్పు, వద్దంటే మానెయ్. ఒప్పుకుంటే ఆమె అన్న మాట అన్నట్టే చెప్పు, నీ వ్యాఖ్యానం ఏమీ కలపకు. ఆ మాట ఆమే అన్నది కాబట్టి అది ఆమెను తప్పుపట్టడం కాదు.

మన కష్టం కూడా వదలకు. మా నాన్న దోసిలి సంగతి వాడుకో, పేరు అక్కర్లేదు. ముందు ఆ దోసిలి, ఆ తర్వాత తొమ్మిదో వచనం, తర్వాత మీ అమ్మ మాట, ఆఖరున కాజీపేట అమ్మాయి అడిగిన ప్రశ్న. ఈ వరసలో చెప్తే ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా ఫరవాలేదు, యేసు ప్రభువు నజరేతు సమాజమందిరంలో పరాయి దేశపు సారెపతు విధవరాలి మాట ఎత్తినప్పుడు సొంత ఊరివాళ్లే ఆయన మీదికి లేచారు. పరాయివాళ్ల మీద దేవుని దయ గురించి చెప్తే మనవాళ్లకు కోపం రావడం కొత్త కాదు.

ఒక పని చెయ్. పాఠ్యభాగం ఇంకొకరితో చదివించకు, నువ్వే చదువు. ఎనిమిది, తొమ్మిది వచనాలు నిదానంగా చదువు.

భూపాలపల్లి సీనియర్:

రాసుకున్నది నాకు పంపు తమ్ముడూ, టైమ్ పెట్టి చదివి చూస్తాను. అమ్మ ఒప్పుకుంటే, మిర్చి పనులు అయ్యేలోపు ఒక ఆదివారం మా సంఘానికి రా. మా దగ్గర మిర్చి రైతులూ ఉన్నారు, కూలీలూ ఉన్నారు. హన్మకొండ బస్టాండులో పొద్దున ఆరింటి బస్సెక్కితే ఆరాధన టైమ్‌కి అందుకుంటావు.