కనిపెట్టిన చోటు కోఆర్డినేట్లు అందరికీ పెట్టాలా, దాచుకోవాలా?

బురుజు_నీడ (కర్నూలు)

మన మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్‌లో కనిపెట్టిన చోట్లు రాసుకునే పట్టిక గురించి ఒక మాట తేల్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళ కోసం వివరం: ఆట జావా 1.21.8, పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, ఫోన్లవాళ్ళు గైజర్ అనే వారధి ద్వారా వస్తారు. సరిహద్దు నడిమి నుంచి నాలుగు పక్కలా 10,000 బ్లాకులు. ఎవరు ఏం కనిపెట్టినా పట్టికలో ఎక్స్, వై (ఎత్తు), జెడ్ మూడు కోఆర్డినేట్లూ రాయాల్సిందేనని కొందరంటున్నారు. ఫొటో పెడితే చాలు, చోటు చెప్పడం కనిపెట్టినవాళ్ళ ఇష్టం అని ఇంకొందరు. పట్టికకెక్కిన ఏన్షియంట్ సిటీలో (భూమి లోపలి పాడుబడ్డ నగరం) పెట్టెలన్నీ ఒక్క రాత్రికే ఖాళీ అయినాక మాట ముదిరింది. ఏ పక్షమైనా సరే, కారణం చెప్పి మాట్లాడండి.

జొన్నగిరి_చేను (తుగ్గలి)

దాచాలి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి నేల మీద వజ్రాలు వెతుక్కుంటా తిరగడం ఏటా చూస్తూనే ఉంటాం. రాయి దొరికినోళ్ళు ఏ గట్టు పక్కన దొరికిందో చెప్పరు. చెబితే మర్నాటికి ఆ చేను చేనుగా మిగలదు.

ఏన్షియంట్ సిటీ కథా అంతే. పెట్టెలో సరుకు మొదటిసారి తెరిచినప్పుడు తయారవుతుంది, ఒకసారి తీసుకున్నాక మళ్ళీ నిండదు. స్విఫ్ట్ స్నీక్ మంత్రం పుస్తకం, కవచానికి వేసే సైలెన్స్ ట్రిమ్ నమూనా ఇంకెక్కడా దొరకవు. పైగా ఆ సిటీ వై −51 దగ్గర, డీప్ డార్క్ అనే చీకటి ప్రాంతంలో ఉంటుంది. దాంట్లో తిరగాలంటే చప్పుడు కాకుండా ఉన్ని పరుచుకుంటూ, కూర్చుని నడవాలి. చప్పుడుకు అరిచే ష్రీకర్ బ్లాకు నాలుగోసారి అరిస్తే 500 హెల్త్ పాయింట్లున్న వార్డెన్ అనే రాక్షసి లేస్తుంది. అరుపుల లెక్క ఒకటి తగ్గాలంటే 10 నిమిషాలు మళ్ళీ ష్రీకర్ అరవకుండా చూసుకోవాలి. ఇంత ఓపిక పట్టినవాళ్ళకి దక్కాల్సింది, పట్టికలో అంకె చూసి ఎగిరొచ్చినవాళ్ళకి పోవడం న్యాయం కాదు.

బిలం_దారి (కర్నూలు)

అన్నా, వజ్రాల చేను పోలిక ఒక్కటే చూస్తే ఎట్ల? బెలూం గుహలు కూడా మన పక్కవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వాటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, చుట్టుపక్కల చెత్త తెచ్చి అందులో పోసేవాళ్ళు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నడిపించిన జర్మన్ జట్టు లోపల తిరిగి కొలతలు తీసి అందరి ముందూ పెట్టినాకే వాటి విలువ బయటపడింది. ఇప్పుడు లెక్క తేలిన పొడవు 3,229 మీటర్లు. చోటు చెప్పడం వల్లే అది దక్కింది.

సర్వర్‌లోనైనా అంతే. బ్లేజ్ స్పానర్ (బ్లేజ్ అనే జీవులను పుట్టించే పెట్టె) ఉన్న కోట ఒక్కటి నెదర్‌లో (ఆటలోని నిప్పుల లోకం) కనపడితే అందరికీ బ్లేజ్ రాడ్లు. ఆ స్పానర్ అరిగిపోయేది కాదు. దాన్ని దాచితే 20 మంది 20 సార్లు అదే నెదర్‌లో అదే కోట కోసం తిరుగుతారు.

రాప్తాడు_రెడ్‌స్టోన్ (అనంతపురం)

మీరిద్దరూ రెండు వేరే వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. పట్టికలో "తరిగేది", "తరగనిది" అని ఒక గడి పెడితే సగం గొడవ తీరుతుంది.

తరగనివి: బ్లేజ్ స్పానర్లు, సముద్రం అడుగున ఓషన్ మాన్యుమెంట్‌లో కాపలా కాసే గార్డియన్లు (పెద్దవైన ఎల్డర్‌లు మూడూ మళ్ళీ పుట్టవు, మామూలువి పుడతాయి), అన్నిటికంటే ముఖ్యంగా ట్రయల్ ఛాంబర్లు (భూమి లోపలి పోరాట గదులు). ఛాంబర్‌లో వాల్ట్ అనే బహుమతుల పెట్టె ఒక్కొక్కరికీ విడివిడిగా ఇస్తుంది. నేను తీసుకున్నానని మీకు తగ్గదు. స్పానర్ గెలిచినాక 30 నిమిషాలకు మళ్ళీ లేస్తుంది. ఇది దాచడంలో అర్థమే లేదు.

తరిగేవి: ఏన్షియంట్ సిటీ పెట్టెలు, అడవి మాన్షన్ భవనాల పెట్టెలు, ఎండ్ అనే లోకంలోని ఓడలో ఒక్కటే ఉండే ఎలిట్రా (ఎగిరే రెక్కలు). వీటికి కనిపెట్టినవాళ్ళదే మొదటి హక్కు. వారం గడువు ఇచ్చి తర్వాత పట్టికకెక్కిద్దాం.

పెన్నా_గట్టు (కడప)

గడువు మాట బాగుంది. అయితే అసలు ప్రమాదం తరగనివాటిలోనే ఉంది, ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. గ్రామాలు. "గ్రామం కోఆర్డినేట్లు పెడితే ఏం పోతుంది?" అనుకుంటాం. సీడ్ పోతుంది, అంటే ఈ ప్రపంచం మొత్తాన్ని పుట్టించిన సంఖ్య బయటపడుతుంది.

ఎట్లంటే: ఆట ప్రపంచాన్ని 34 చంక్‌లకు 34 చంక్‌ల (చంక్ అంటే 16×16 బ్లాకుల ముక్క) గళ్ళుగా కోస్తుంది, అంటే పక్కకు 544 బ్లాకులు. గడికి ఒక్క ప్రయత్నం. ఆ గడిలో గ్రామం ఏ చంక్‌లో పడాలో మూడు కలిసి తేలుస్తాయి: సీడ్‌లో కింది 48 బిట్లు, గడి వరస, గ్రామాలకని ఆటలో ముందే పెట్టిన ఒక స్థిర సంఖ్య 10387312. పక్క గడి గ్రామానికి మరీ దగ్గర కాకుండా 8 చంక్‌లు వదులుతుంది కాబట్టి మిగిలేది 26×26, అంటే 676 చోట్లు. కచ్చితమైన చంక్ తెలిసిన ఒక్కో గ్రామం తొమ్మిది బిట్లకు పైనే బయటపెడుతుంది. 48 బిట్లకు ఆరు గ్రామాలు చాలు. సీడ్ మొత్తం 64 బిట్లు. మిగిలిన 16కు 65,536 అవకాశాలే కాబట్టి బయోములు (ఎడారి, అడవి లాంటి నేల రకాలు) పోల్చి తేల్చేస్తారు. ఎడారి పిరమిడ్లు, సముద్రంలో మునిగిన ఓడలు కూడా ఇదే పద్ధతిలో పడతాయి, లెక్కలు కొద్దిగా వేరు.

సీడ్ తెలిసినాక చంక్‌బేస్ అనే వెబ్‌సైట్‌లో వేసుకుంటే ఏన్షియంట్ సిటీలు, ఎండ్ ఓడలు, అన్నీ ఒక్క చూపులో. వారం గడువుకు అప్పుడు విలువేముంది? మన పట్టికలో ఇప్పటికి ఎన్ని గ్రామాలున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

జొన్నగిరి_చేను (తుగ్గలి)

నేను చెప్పింది ఇందుకే. ఫొటో పెట్టి వదిలేద్దాం. కోఆర్డినేట్లు చూపించే ఎఫ్3 తెర మూసి తీస్తే సరిపోతుంది.

గండికోట_లోయ (ప్రొద్దుటూరు)

సరిపోదన్నా. జావాలో గడ్డి, మట్టి, ఇసుక బ్లాకుల పైముఖం ఒక్కోటి ఒక్కో వైపు తిరిగి కనపడుతుంది. ఆ తిప్పుడు ఎక్కడ ఏ వైపో బ్లాకు కోఆర్డినేట్లను బట్టే తేలుతుంది, సీడ్‌తో పని లేదు. నాలుగు వైపులంటే బ్లాకుకు రెండు బిట్లు. మన 20,000×20,000 ప్రపంచంలో ఎత్తు కూడా తెలియదనుకున్నా, స్పష్టంగా కనపడే 20 బ్లాకులు దొరికితే చోటు దాదాపు తేలిపోతుంది. దిక్కు మబ్బులు చెబుతాయి, అవి ఎప్పుడూ పడమటికే పోతాయి. గడ్డిపోచలు, పూలు బ్లాకు నడుమ నుంచి కొంచెం పక్కకు జరిగి ఉండటం కూడా కోఆర్డినేట్ల లెక్కే.

ఫొటోల నుంచి ఎంత దూరం లాగొచ్చంటే, ఆటలో రిసోర్స్ ప్యాక్ (బ్లాకుల రూపం మార్చే ఫైళ్ళ కట్ట) బొమ్మగా ఏళ్ళ తరబడి కనపడిన 128×128 పిక్సెళ్ళ చిన్న ఫొటో ఏ ప్రపంచానిదో 2020 సెప్టెంబరులో పట్టేశారు. స్వచ్ఛందంగా కంప్యూటర్లు కలిపి, సీడ్‌లు జల్లెడ పట్టి చేసిన పని అది.

ఫొటో పెట్టాలనుకునేవాళ్ళకు: బ్లాకుల తిప్పుడు ఆపేసే రిసోర్స్ ప్యాక్ వేసుకోండి. ముందరి గడ్డి, పూలు కోసేయండి. నేల తక్కువ, కట్టడం ఎక్కువ పడేట్టు తీయండి. ఇంకోటి, 1.21.6 నుంచి తెర కింద లొకేటర్ బార్ వచ్చింది. మీరు ఏ దిక్కున ఉన్నారో అందరికీ చుక్కగా చూపిస్తుంది. కూర్చుని నడిచినా, చెక్కిన గుమ్మడికాయ తలకు పెట్టుకున్నా ఆ చుక్క మాయమవుతుంది.

బిలం_దారి (కర్నూలు)

ఇంత భయం అవసరమా? పట్టిక మన మధ్యనే ఉంది కదా.

పెన్నా_గట్టు (కడప)

పట్టిక చూసి తీసిన వీడియోలు మన మధ్యనే ఉండవు కదప్పా. అయితే ఒక నిజం ఒప్పుకోవాలి: సీడ్ పగలగొట్టే మోడ్ (ఆటకు తగిలించే అదనపు ప్రోగ్రాం) వేసుకుని లోపల నడిచే సభ్యుడికి పట్టికతో పనే లేదు, కనపడిన కట్టడాలను మోడే లెక్కేసుకుంటుంది. పట్టిక దాచితే బయటివాళ్ళను మాత్రమే ఆపగలం.

రాప్తాడు_రెడ్‌స్టోన్ (అనంతపురం)

లోపలివాళ్ళను ఆపాలంటే సర్వర్‌లోని స్పిగాట్ సెట్టింగుల ఫైల్‌లో ఆ 10387312 లాంటి స్థిర సంఖ్యలనే మార్చాలి. ఒక్కో కట్టడానికి ఒక్కో వరస ఉంటుంది. అప్పుడు మోడ్ తప్పు సంఖ్యతో లెక్కేసి దారి తప్పుతుంది. ఇది ప్రపంచం పుట్టకముందే చేయాల్సిన పని. మనం ఇప్పుడు మారిస్తే ఇప్పటికే తిరిగిన చంక్‌లలో పాతవి పాతవే ఉంటాయి, కొత్త చంక్‌లలో కొత్త లెక్క నడుస్తుంది. రెండూ కలిసే అంచున సగం తెగిన గ్రామాలు రావచ్చు. పాత గ్రామాల నుంచి సీడ్ ఎట్లాగూ లాగొచ్చు. గనుల కోసం పేపర్‌లో ఫీచర్ సీడ్లు వేరే మార్చుకునే వీలుంది. వచ్చే ప్రపంచానికి రెండూ ముందే పెడదాం.

పెన్నా_గట్టు (కడప)

ఈ ప్రపంచానికైతే ఒకటే మార్గం: చెబుదాం, కానీ గుండు లెక్కలో. ఎక్స్, జెడ్ రెండూ దగ్గరి 500కు సవరించి రాద్దాం. గ్రామం పడగలిగే వెడల్పే 416 బ్లాకులు కాబట్టి 500 లెక్కతో సీడ్ గురించి చాలా తక్కువే తెలుస్తుంది. 200కు సవరిస్తే గ్రామానికి రెండు బిట్లకు పైనే పోతాయి, ఇరవై లోపు గ్రామాలే చాలు. 100 వద్దు, అందులో నాలుగు బిట్లకు పైనే పోతాయి. 500 పెడితే వెళ్ళేవాళ్ళు ఒక్కో వైపు 250 బ్లాకుల లోపలే వెతుక్కోవాలి. చివరి నాలుగడుగులు వెతికే పని వాళ్ళకూ మిగులుతుంది.

గుంతకల్లు_బండి (గుంతకల్లు)

ఫోన్లవాళ్ళ సంగతి చూడండి. చాలా ఫోన్లు 6 చంక్‌ల దూరం పెడితేనే కుదురుగా నడుస్తాయి. అంటే 96 బ్లాకులే కనపడతాయి. 500 అంటే కొండ పక్కన గ్రామం ఉన్నా దాటిపోతాం. భూమిలో ఉన్నవైతే చెప్పనక్కర్లేదు.

గండికోట_లోయ (ప్రొద్దుటూరు)

దానికి ఊరి దారి చెప్పినట్టు చెబుదాం. "ఎర్రమట్టి బ్యాడ్‌ల్యాండ్స్ తూర్పు అంచు, వంక దాటినాక ఎడమ గట్టు కింద" అని రాస్తే ఫోన్‌లోనైనా పోవచ్చు. ఆ మాట నుంచి సీడ్ లాగేవాళ్ళు లేరు. నేల మీద 30 బ్లాకుల రాతి స్తంభం కట్టి పైన దీపం పెట్టండి. ట్రయల్ ఛాంబర్ అయితే ఇంకో దారి ఉంది: మ్యాపులు అమ్మే గ్రామస్థుడు 12 ఎమరాల్డ్‌లు, ఒక దిక్సూచి తీసుకుని ఛాంబర్ చూపించే మ్యాపు ఇస్తాడు. అది మనం చెప్పిన ఛాంబరే అయి ఉండాలని లేదు గానీ పని నడుస్తుంది.

జొన్నగిరి_చేను (తుగ్గలి)

తరిగేవాటికి వారం గడువు ఉంటే 500 లెక్కకు నేను సరే. ఇంకో షరతు: మైనస్ గుర్తులు వద్దు. ఫోన్‌లో కాపీ చేసేటప్పుడు ఆ గీత ఊడిపోతోంది. ఉత్తరాన 5,000 పోవాల్సినవాళ్ళు దక్షిణాన 5,000 పోతే తేడా 10,000 బ్లాకులు. ఎక్స్ పెరిగితే తూర్పు, జెడ్ పెరిగితే దక్షిణం. దిక్కు పేరే రాయండి.

బురుజు_నీడ (కర్నూలు)

అయితే వరస ఇట్ల ఉంటుంది, చూసి చెప్పండి:

ట్రయల్ ఛాంబర్. తరగనిది. ఓవర్‌వరల్డ్ (మామూలు ప్రపంచం). తూర్పు 3,500, ఉత్తరం 5,000 దగ్గర. సవానా అంచున రెండు గుట్టల నడుమ నీటిగుంట, దాని కిందే. స్తంభం ఉంది. నెదర్ వైపు పోర్టల్ (దాటే ద్వారం): తూర్పు 412, ఉత్తరం 655.

పెన్నా_గట్టు (కడప)

చివరి వాక్యం తీసేయండి. నెదర్‌లో ఒక బ్లాకు ఓవర్‌వరల్డ్‌లో 8 బ్లాకులకు సమానం. నెదర్ అంకెలను 8తో గుణిస్తే తూర్పు 3,296, ఉత్తరం 5,240. పోర్టల్ సరిగ్గా ఛాంబర్ మీదే కట్టి ఉంటే, దాచిన కచ్చితమైన చోటు అక్కడ బయటపడినట్టే. పోర్టల్‌ను ఆ గుండు లెక్క బిందువు దగ్గరే కట్టండి: నెదర్‌లో తూర్పు 437, ఉత్తరం 625. అవతల తూర్పు 3,500, ఉత్తరం 5,000 దగ్గర చేత్తోనే ఇంకో పోర్టల్ కట్టి వెలిగించండి. ఓవర్‌వరల్డ్‌లో ఆట 128 బ్లాకుల లోపల పాత పోర్టల్ కోసం వెతుకుతుంది కాబట్టి, ఆ పరిధిలో ఇంకెవరిదైనా ముందే ఉందేమో చూసుకోండి.