నల్లగొండలో ఉద్యోగం: కాపురం అక్కడే పెట్టాలా, హైదరాబాద్ నుంచి రోజూ తిరగాలా?

కొత్త అధ్యాపకుడు:

అందరికీ నమస్కారం. నల్లగొండ పట్టణంలోని ఒక ప్రభుత్వ కళాశాలలో నేను అధ్యాపకుడిగా చేరి మూడు నెలలైంది. మా ఇల్లు వనస్థలిపురంలో ఉంది. పొద్దున ఐదింటికి లేచి, ఎల్బీనగర్‌లో బస్సెక్కి, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా కళాశాలకు చేరుకుని, సాయంత్రం మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతోంది. మా స్టాఫ్ రూములో సగానికి పైగా ఇలా అప్ అండ్ డౌన్ చేస్తున్నవారే. నెల తిరిగేలోగా అలవాటైపోతుందని వారు చెప్పారు కానీ, నాకు అలవాటు కాలేదు.

నల్లగొండలోనే ఇల్లు తీసుకుందామంటే మూడు చిక్కులున్నాయి. నా భార్య ఉప్పల్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తోంది. పాప వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో చేరాలి. మా అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయి, పైగా నల్లగొండ అనగానే ఆమెకు వంకర తిరిగిన కాళ్లే గుర్తుకొస్తున్నాయి, ఆ నీళ్లు తాగలేనంటోంది. ఈ అనుభవం ఉన్నవారు, రెండు వైపులవారూ, దయచేసి మొహమాటం లేకుండా చెప్పగలరు.

పానగల్ కట్ట:

నేను 2019లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి నల్లగొండకు మారాను. అంతకుముందు నాలుగేళ్లు మీలాగే తిరిగాను కాబట్టి రెండు జీవితాలూ నాకు తెలుసు. ఊళ్లోనే ఉండండి, ఇదే నా సలహా.

ముందుగా మీ అమ్మగారి భయం గురించి చెబుతాను, ఎందుకంటే అది నిజమైన చరిత్ర మీద నిలబడిన భయం. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్లు తాగి తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి శాస్త్రజ్ఞులు ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారంటే, ఈ జిల్లా పేరు ఏ బాధతో ముడిపడిపోయిందో తెలుస్తుంది. అయితే ఆ కష్టమంతా భూగర్భ జలంతో వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి జలాశయానికి, అక్కడి నుంచి కాలువ ద్వారా నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్‌లోని ఉదయసముద్రం జలాశయానికి వస్తాయి, పట్టణం తాగేది ఆ నీళ్లే. ఆ అక్కంపల్లి నుంచే 2004 నుంచి హైదరాబాద్‌కూ కృష్ణా నీళ్లు వెళ్తున్నాయి. వనస్థలిపురంలో మీ ఇంటి కుళాయిలో కృష్ణా నీళ్లు వస్తున్నాయంటే అవి నల్లగొండ జిల్లా మీదుగా వచ్చినవే. అమ్మగారికి ఈ ఒక్క మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

జాగ్రత్త పడవలసింది అద్దె ఇంట్లోని బోరు విషయంలో. కొందరు యజమానులు మున్సిపల్ నీళ్లను, బోరు నీళ్లను ఒకే ట్యాంకులోకి ఎక్కిస్తారు. అడ్వాన్సు ఇవ్వకముందే వంటగది కుళాయి నీళ్లను సీసాలో పట్టి పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మరిగిస్తే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మరిగించిన కొద్దీ నీరు తగ్గుతుంది, ఫ్లోరైడ్ అంతే ఉంటుంది.

ఇక కాలం సంగతి. రోజుకు నాలుగున్నర గంటల ప్రయాణం, ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే దాదాపు వెయ్యి గంటలు. నేను నాలుగేళ్లలో నాలుగు వేల గంటలు బస్సు సీట్లో కూర్చున్నాను. ఆ కాలంలోనే మా అబ్బాయి మాటలు నేర్చాడు, బడికి వెళ్లాడు, చదవడం నేర్చుకున్నాడు. అవేవీ నేను దగ్గరుండి చూడలేదు. ఇప్పుడు కళాశాల నుంచి పది నిమిషాల్లో ఇంటికి వస్తాను, సాయంత్రం వాడితో కలిసి ఉదయసముద్రం కట్ట మీద నడుస్తాను, సెలవు రోజున ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్తే గర్భగుడిలో కదలకుండా నిలబడే ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టాలని వాడు ప్రతిసారీ ప్రయత్నిస్తాడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఇది కొందరికి కష్టంగా అనిపించవచ్చు. మన దగ్గర చదివే పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తారు. సాయంత్రం నాలుగున్నర బస్సు కోసం మూడున్నర నుంచే గడియారం చూసే అధ్యాపకుణ్ని వాళ్లు గమనిస్తారు. నేను తిరిగిన రోజుల్లో చివరి పీరియడ్ తరువాత ఒక్క విద్యార్థి కూడా సందేహం అడగడానికి నా దగ్గరకు రాలేదు. ఊళ్లో కాపురం పెట్టిన ఆరు నెలలకు సాయంత్రాలు మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. జీతం ఈ ఊరి పేరు మీద తీసుకుని, కూరగాయలు కూడా ఇక్కడ కొనకుండా వెళ్లిపోయే ఉద్యోగుల వల్ల ఊరికి మిగిలేది తక్కువ. మంచి బడి, మంచి ఆస్పత్రి, మంచి గ్రంథాలయం కావాలని గట్టిగా అడగగలిగినవారే సాయంత్రానికి ఊళ్లో లేకపోతే, ఎవరు అడుగుతారు?

కొత్తపేట ప్రయాణికుడు:

పానగల్ కట్ట గారి మాటలోని నిజాయితీని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను పదకొండేళ్లుగా కొత్తపేట నుంచి నల్లగొండకు తిరుగుతున్నాను. నేనేదో ఊరిని చిన్నచూపు చూసి తిరుగుతున్నట్టు మాట్లాడితే బాధగా ఉంటుంది.

నా భార్యకు నగరంలో ఉద్యోగం ఉంది, ఆమె చేసే పనికి నల్లగొండలో ఇంతవరకు అవకాశం దొరకలేదు. 2023లో నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ భవనాలు ప్రారంభమైనప్పుడు మేమిద్దరం ఎంతో ఆశపడ్డాం. ఆమె అనుభవానికి తగిన ఉద్యోగం మాత్రం అక్కడ కనిపించలేదు. ‘ఊళ్లోనే ఉండండి’ అన్నప్పుడు ఎవరి ఉద్యోగం వదులుకోమంటున్నామో కూడా చెప్పాలి. పదింట తొమ్మిది ఇళ్లలో అది భార్య ఉద్యోగమే అవుతుంది. నేను రోజూ నాలుగు గంటలు ప్రయాణం చేస్తే మా ఇంట్లో ఇద్దరి బతుకులూ నిలబడుతున్నాయి. ఆ భారం ఆమె మీద వేయడం కంటే నేను మోయడమే న్యాయమనుకున్నాను.

డబ్బు లెక్కలో ప్రయాణికుడికి లాభమేమీ లేదు, అది ఒప్పుకుంటాను. ఇంటి అద్దె భత్యం పనిచేసే ఊరిని బట్టి వస్తుంది. 2021 వేతన సవరణ తరువాత హైదరాబాద్‌లో అది 24 శాతం, నల్లగొండ స్థాయి పట్టణంలో 13 శాతం. అంటే నగరం అద్దె కడుతూ పట్టణం భత్యం తీసుకుంటున్నాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక మా సహోద్యోగినులకు నెలకు వేలల్లో మిగులుతోంది, ఇది మంచి మార్పు. అయితే బస్సుల సంఖ్య కూడా ఆ మేరకు పెరగాలి, సోమవారం పొద్దున నార్కట్‌పల్లి దాకా నిలబడే వెళ్లవలసి వస్తోంది. రైలుంది కదా అని కొందరంటారు. బీబీనగర్ మీదుగా వెళ్లే ఆ దారిలో మన పనివేళలకు సరిపోయే బండ్లు తక్కువ.

నా నడుము పాడైంది. పిల్లల చిన్నతనం నేనూ పోగొట్టుకున్నాను. అయినా మా ఇంటి పరిస్థితికి ఇదే సరైన నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పాలమూరు పాఠం:

నాది మహబూబ్‌నగర్. అక్కడే ఒక కళాశాలలో పనిచేస్తూ, ఊళ్లోనే ఉంటున్నాను. చర్చలో ఇంతవరకు రాని విషయం ఒకటి చెప్పాలి: ఇల్లు దొరకడం.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను నెలన్నర పాటు ఇల్లు వెతికాను. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే, గదులు చూపించి, అద్దె చెప్పి, చివరికి ‘మీరెవరండీ?’ అని అడిగేవారు. అధ్యాపకుణ్నని చెబితే ‘అది కాదు సార్, మీ ఇంటి పేరేంది?’ అనేవారు. దళితుణ్నని దాచకుండా చెప్పాక, ‘మా తమ్ముడు దుబాయి నుంచి వస్తుండు, ఆయనకే ఇస్తున్నం’ అనే జవాబు మూడు ఇళ్లలో వచ్చింది. నగరంలో ఈ ప్రశ్న లేదని నేను అనను. కానీ అక్కడ వంద అపార్ట్‌మెంట్లలో ఒకటి కాకపోతే ఇంకొకటి దొరుకుతుంది, ఇక్కడ రెండు మూడు కాలనీల్లో కాదంటే ఊరంతా కాదన్నట్టే ఉంటుంది. మా శాఖలోని ఒక ముస్లిం మిత్రుడికీ ఇదే అనుభవం. కాబట్టి ‘ఊళ్లో ఉండండి’ అనేవారు, ఊరు అందరినీ ఉండనిస్తుందా అని కూడా తమను తాము అడగాలి.

చివరికి రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన నన్ను ఏమీ అడగకుండా తాళాలు చేతికిచ్చారు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు ఎవరైనా నగరంలో మంచి ఉద్యోగం ఇస్తామన్నా వెళ్లను. ఎందుకో చెబుతాను. పాలమూరు అంటే వలస. మా నాయన, చిన్నాయనలు ఆనకట్టల పనికి, ముంబయి, పుణె భవనాల పనికి పోయినవారే. వానలు లేక, నీళ్లు లేక, ఉండాలని ఉన్నా ఉండలేక పోయారు. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం, 2016లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. ఇక్కడే ఉండి బతకగలిగిన మొదటి తరం మాది. ఆ అవకాశం చేతికొచ్చాక నేనూ సాయంత్రం కాచిగూడ రైలెక్కి వెళ్లిపోవడం నాకు నచ్చలేదు. ఇది నా మనసుకు సంబంధించిన మాట, మరొకరి మీద రుద్దను.

వార్డు సిస్టర్:

అమ్మగారి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు. నేను ఇరవై ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. బీపీ, షుగర్‌లకు నెలనెలా చూపించుకోవడం, రక్త పరీక్షలు, మందులు, ఇవన్నీ నల్లగొండలో ఏ ఇబ్బందీ లేకుండా జరుగుతాయి. 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక పెద్దాస్పత్రిలో డాక్టర్లు పెరిగారు. నార్కట్‌పల్లిలోనూ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది.

భయపడవలసింది పక్షవాతం, గుండెపోటు లాంటివి అర్ధరాత్రి వచ్చినప్పుడు. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అంతకంటే ముందు సీటీ స్కాన్ తీయాలి. ఏమీ తెలియక ముందు ఒక చిన్న ఆస్పత్రికి, అక్కడి నుంచి ఇంకో దానికి, ఆపైన హైదరాబాద్‌కు తిప్పితే ఆ సమయం దారిలోనే గడిచిపోతుంది. ఇల్లు మారిన మొదటి వారంలోనే, రాత్రిపూట సీటీ స్కాన్ ఎక్కడ తీస్తారో, ఆ ఇంజెక్షన్ ఎక్కడ ఇస్తారో స్వయంగా వెళ్లి కనుక్కుని, కాగితం మీద రాసి గోడకు అంటించండి. వనస్థలిపురంలో ఉన్నా ఈ పని చేయవలసిందే, కానీ ఎంతమంది చేస్తారు? మరొక సంగతి, వేసవి. నల్లగొండ ఎండలు చాలా తీవ్రంగా ఉంటాయి. పై అంతస్తు ఇల్లు పెద్దవారికి వద్దు.

పానగల్ కట్ట:

పాలమూరు పాఠం గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నాకు మూడు రోజుల్లో ఇల్లు దొరికింది. ఎందుకంత తేలిగ్గా దొరికిందో ఏనాడూ ఆలోచించలేదు. నా మొదటి సమాధానంలో ఆ మాట లేకపోవడం లోపమే. కొత్తపేట ప్రయాణికుడు గారు భార్య ఉద్యోగం గురించి అన్నదీ నిజమే. మా ఆవిడ టీచరు కాబట్టి బదిలీ దొరికింది, లేకపోతే నేనూ ఇంకా తిరుగుతూనే ఉండేవాణ్నేమో.

పాప చదువు గురించి ఒకటి మిగిలింది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఆ జిల్లాకు స్థానికురాలవుతుంది, 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. కొన్ని జిల్లాలను కలిపి చేసిన జోన్ల లెక్కలో, నల్లగొండలో చదివితే యాదాద్రి జోన్, వనస్థలిపురంలో చదివితే చార్మినార్ జోన్. 2021 చివర ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించే 317 జీవో వచ్చినప్పుడు, ఎవరు ఏ జిల్లాకు వెళ్లాలన్న విషయంలో ఉపాధ్యాయ దంపతులు ఎంత నలిగిపోయారో చూశాం కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. అయినా ఆరేళ్ల పాప ఎక్కడ పెరగాలన్నది ఇరవై ఏళ్ల తరువాతి నోటిఫికేషన్‌ను బట్టి నిర్ణయించకండి. ఏడేళ్లలో నాలుగేళ్లు చాలు కాబట్టి, ఒకటి రెండేళ్లు ఇక్కడ ఉండి చూసినంత మాత్రాన ఏ దారీ మూసుకుపోదు.

కొత్త అధ్యాపకుడు:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రాత్రి ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. అక్కంపల్లి సంగతి విని అమ్మ ‘అయితే మనం ఇన్నాళ్లూ తాగింది అవే నీళ్లా?’ అని రెండుసార్లు అడిగింది. నా భార్య మాత్రం కొత్తపేట ప్రయాణికుడు గారు రాసిన భాగాన్ని మళ్లీ చదవమంది. తన ఉద్యోగం వదిలే ప్రసక్తి లేదని, అయితే వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తారేమో అడిగి చూస్తానని చెప్పింది. వాళ్లు ఒప్పుకుంటే జూన్ నుంచి ఒక్క విద్యా సంవత్సరం నల్లగొండలో ఉండి చూస్తాం. మిగిలిన రెండు రోజులు ఉప్పల్ ప్రయాణం తనది. ఆ రెండు రోజులు పాపను బడికి పంపడం, తీసుకురావడం, రాత్రి వంట నావి. ఒప్పుకోకపోతే తిరగడం నాకు తప్పదు.

వచ్చే ఆదివారం రామగిరి వైపు కింది అంతస్తు ఇళ్లు రెండు చూడటానికి అమ్మతో కలిసి వస్తున్నాను. నీళ్లకు సీసాలు తెచ్చుకుంటాను. పాలమూరు పాఠం గారూ, ఇంటి యజమాని ఆ ప్రశ్న అడిగితే ఏమి చెప్పాలన్నది కూడా నేనూ, నా భార్యా రాత్రి మాట్లాడుకున్నాం. ఆ ప్రశ్న అడిగిన ఇల్లు, మాకు ఇస్తామన్నా తీసుకోం.