బాధితుడికి రాజ్యాంగంలో చోటెక్కడ?

ప్రశ్న:
మా తమ్ముడి చేయి విరగ్గొట్టిన వ్యక్తికి బెయిలు వచ్చిందన్న సంగతి, అతడు మా వీధిలోనే ఎదురుపడే దాకా మాకు తెలియలేదు. రాజ్యాంగంలోని 20, 22 అధికరణలు చదివాను. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ణి బలవంతం చేయరాదనీ, అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలనీ వాటిలో ఉంది గానీ, దెబ్బలు తిన్నవాడి ఊసే లేదు. బాధితుడికి రాజ్యాంగం ఇచ్చిన హక్కంటూ ఏదైనా ఉందా?

జవాబు 1:
ఆ అధికరణలు ప్రభుత్వ బలం ముందు ఒంటరిగా నిలబడే మనిషి కోసం రాసినవి కనుక, మీ తమ్ముడి గోడు వాటిలో కనిపించదు. మీరు చూడవలసింది జీవించే హక్కు గురించిన 21వ అధికరణ. అత్యాచారం బాధితురాలి జీవించే హక్కునే ఉల్లంఘిస్తుందని బోధిసత్వ గౌతమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పి, విచారణ పూర్తి కాకముందే ఆమెకు నెలకు 1,000 రూపాయల మధ్యంతర పరిహారం చెల్లించాలని నిందితుణ్ణి ఆదేశించింది. ఆ మొత్తం ఎంత చిన్నదో చెప్పనక్కరలేదు, కానీ హక్కుకు పునాది అక్కడ పడింది.

జవాబు 2:
పునాది మాట అలా ఉంచితే, మీకు అక్కరకు వచ్చేది రైతుల మీదికి వాహనం దూసుకెళ్లిన లఖీంపూర్ ఖేరీ కేసులో 2022 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు. ఆన్‌లైన్ విచారణలో బాధితుల న్యాయవాదికి లైను తెగిపోయినా, వారి వాదన సరిగా వినకుండానే హైకోర్టు ఇచ్చిన బెయిలును సుప్రీంకోర్టు రద్దు చేసి, దర్యాప్తు మొదలు అప్పీలు ముగిసే దాకా ప్రతి దశలోనూ తన మాట వినిపించే హక్కు బాధితుడికి ఉందని స్పష్టం చేసింది. ఇక నేర కేసుల దర్యాప్తు, విచారణ ఎలా సాగాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు గానీ బాధితుడికి గానీ తెలియజేయాలి.

జవాబు 3:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ ఒక హెచ్చరిక. మాట వినిపించే హక్కు వేరు, కేసు నడిపే హక్కు వేరు. మీరు పెట్టుకున్న న్యాయవాది, ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు సాయపడవచ్చు, కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన దాఖలు చేయవచ్చు. సాక్షులను తానే ప్రశ్నించే అధికారం మాత్రం అతనికి లేదని రేఖా మురార్కా కేసులో తేలిపోయింది. నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేస్తే మీరే అప్పీలు చేసుకోవచ్చు, కానీ శిక్ష తక్కువైందన్న కారణంతో అప్పీలు చేయవలసింది ప్రభుత్వమే. ఈ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండీ. 90 రోజులు దాటి చాలా కాలమైంది, స్టేషను నుంచి ఒక్క కబురూ లేదు. రేపే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంటాను.

జవాబు 2:
దాని నకలు పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికీ ఇవ్వండి. నిందితుడు సాక్షులను బెదిరించినట్టు ఆధారం ఉంటే, బెయిలు రద్దుకు మీ తమ్ముడి పేరనే పిటిషన్ వేయవచ్చు.