30 ఓవర్లు దాటితే కూర్చుని లేవలేకపోతున్నా, కీపర్లు ఎవరైనా చెప్పండి

కీపర్ చిన్నా: రాత్రంతా వీడియోలు చూసి తల వాచిపోయింది. ఒకరు స్క్వాట్లు మానేయమంటారు, ఇంకొకరు స్క్వాట్లే చేయమంటారు. రోజూ బస్కీలు తీస్తున్నా, పరుగూ మానలేదు. అయినా 50 ఓవర్ల మ్యాచ్‌లో 30 దాటితే కాళ్లు లేవట్లేదు. లెగ్ సైడ్ బంతులన్నీ నన్ను దాటిపోయి బైలే. ఏం చేయాలి?

పాత కీపర్: ముందు హెల్మెట్ ఉందా? 2012లో టాంటన్‌లో ఇమ్రాన్ తాహిర్ బంతికి వికెట్ల మీది బెయిల్ (చిన్న చెక్క ముక్క) ఎగిరి దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ కంట్లో తగిలింది. ఆయన అంతర్జాతీయ కెరీర్ అక్కడితో సరి. స్పిన్‌కి వికెట్ల దగ్గర నిలబడేవాళ్లు...

జిమ్ సత్తి: ఆయన అడిగింది కాళ్ల గురించి సార్. చిన్నా, బస్కీలు బరువుతోనా?

కీపర్ చిన్నా: బరువేం లేదు. వంద దాకా తీస్తా.

జిమ్ సత్తి: అందుకే. వంద తీస్తే ఓపిక వస్తుంది గానీ బలం రాదు. వారానికి రెండుసార్లు బరువుతో, తక్కువసార్లు చెయ్.

పాత కీపర్: టెస్టులో రోజుకి 90 ఓవర్లు, అంటే 540 సార్లు కూర్చుని లేవాలి. కావాల్సింది ఓపికే. మన పాత ఇండియా కీపర్ కిర్మాణీ బార్‌బెల్ ఎత్తాడా?

జిమ్ సత్తి: ఎత్తలేదని మీరు చూశారా?

లెగ్ బై: బౌలర్ రనప్ మొదలెట్టగానే కూర్చోకు. చివర్లో కూర్చో. సగం బాధ పోతుంది.

ఫిజియో అక్క: అలసటా, నొప్పా? ఎక్కడ?

కీపర్ చిన్నా: నొప్పే కదా. మోకాలి చిప్ప కింద. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ.

ఫిజియో అక్క: అది మొదటే చెప్పాలి కదమ్మా! చిప్ప కింది టెండాన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది) మీద భారం ఎక్కువైనట్టుంది. కొన్నాళ్లు బస్కీలు ఆపు. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు 45 సెకన్లు ఆగు, మధ్యలో రెండు నిమిషాలు ఆగుతూ ఐదుసార్లు. నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తావో చూసుకో, మూడు దాటకూడదు. చీలమండలు కూడా చూసుకో. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలిని గోడకి తాకించు. బొటనవేలికీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల దూరమైనా రాకపోతే చీలమండ బిగుసుకున్నట్టే. అలా ఉంటే కూర్చున్నప్పుడు మడమలు లేచిపోయి భారమంతా మోకాళ్ల మీదకొస్తుంది. మోకాలు వంచి కాఫ్ రైజ్‌లు (మడమలు పైకి లేపి దించడం) చెయ్. పక్కకి దూకే డ్రిల్స్ నొప్పి తగ్గాకే. వయసెంత?

కీపర్ చిన్నా: 15.

ఫిజియో అక్క: అయితే పైదంతా ఆపు. చిప్ప కింద ఎముక బుడిపె నొక్కితే నొప్పా? ఎదిగే వయసులో టెండాన్ అతుక్కున్న చోట ఎముక లాగినట్టై నొప్పొస్తుంది, అది వేరే సమస్య. ఆర్థోకి, అంటే ఎముకల డాక్టర్‌కి చూపించు.

కీపర్ చిన్నా: నొక్కితే బాగా ఉంది. ఆదివారం మ్యాచ్ అయ్యాక చూపిస్తా. థాంక్స్ అక్కా.

లెగ్ బై: ఆదివారం ఇంకెవరినైనా కీపింగ్ చేయమను.

పాత కీపర్: చూశారా, పిల్లాడికి బరువులు చెప్పారు. ఎత్తు ఆగిపోదూ?

జిమ్ సత్తి: పక్కన కోచ్ ఉండి పద్ధతిగా చేయిస్తే ఎత్తేం ఆగదు సార్. వయసు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?