కన్ను తిప్పిన కప్పతో వాదన తేలిపోయిందా?

కప్పలబావి:
కంటి నరం పోగులు మెదడులో తమ చోటును ముందే రాసిపెట్టిన రసాయనాలతో కనుక్కుంటాయా, లేక పెరిగే క్రమంలో సర్దుకుంటాయా అన్నది పాత వాదన. నాడీశాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ 1940లలో కప్పలకూ న్యూట్‌లకూ కంటి నరం కోసి, కంటిగుడ్డును 180 డిగ్రీలు తిప్పి పెట్టాడు. నరం మళ్లీ పెరిగింది, చూపూ వచ్చింది. కానీ ఈగ పైన ఉంటే కప్ప కిందికి ఎగబడేది. ఎన్నాళ్లయినా దిద్దుకోలేదు. అంటే రెటీనాలో ఏ పోగు మెదడులో ఎక్కడికి చేరాలో రసాయనాలతో ముందే రాసిపెట్టి ఉంది. ఇంకా వాదన ఏముందండీ?

రెటీనారావు:
బోలెడుంది. 1963లో గేజ్, జేకబ్సన్, సెకేయ్ జెనోపస్ అనే కప్ప పిండంలో ముక్కువైపు సగాలు రెండు అతికించి ఒక కన్ను చేశారు. మీ లెక్కన ఆ పోగులు టెక్టమ్‌లో (చూపు చేరే మధ్యమెదడు పైభాగం) సగంలోనే సర్దుకోవాలి. ఒక్కో సగమూ టెక్టమ్ అంతా పరుచుకుంది! రిజర్వేషన్ బస్సు అనుకున్నారు మీరు. అది కర్చీఫ్ వేసుకునే బస్సు.

కప్పలబావి:
అతికించిన సగం, పెరిగే క్రమంలో పూర్తి కన్నుగా మారిపోయి ఉండొచ్చుగా రావుగారూ? పైగా 1995లో కోడి పిండాల్లో ఎఫ్రిన్లు (పోగులకు దారి చూపే ప్రొటీన్లు) దొరికాయి. టెక్టమ్ ఒక చివర ఎక్కువ, మరో చివర తక్కువ. స్పెర్రీ 1963లో ఊహించింది అలాంటిదే.

రెటీనారావు:
ఎక్కువ తక్కువలు దిక్కు చెప్తాయి, ఇంటి నంబరు చెప్పవు.

ల్యాబ్‌మేడం:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. మామూలు కప్పలో ఒక్కో టెక్టమ్‌కి దాదాపుగా ఎదుటి కంటి పోగులే వస్తాయి. 1978లో కాన్‌స్టంటైన్-పేటన్, లా కప్ప పిండానికి మూడో కన్ను అతికించారు. రెండు కళ్ల పోగులు ఒకే టెక్టమ్‌లో పడేసరికి జీబ్రా చారల్లా విడిపోయాయి. కప్ప జాతికి ఆ చారలే లేవు, వాటికి రసాయన చీటీ ఎవరు రాస్తారు? 1987లో ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (నరాల కణాల మీద సంకేతాలు అందుకునే ప్రొటీన్లు) మందుతో ఆపితే చారలు కలిసిపోయాయి. అంటే పోగులు పంపే సంకేతాలే వాటిని విడదీశాయి.

స్పెర్రీ కప్ప విషయానికొస్తే, కన్ను ఎటు తిప్పినా రెటీనాలో పక్కపక్క కణాలు పక్కపక్కనే ఉంటాయి, ఇంచుమించు కలిసే మోగుతాయి (సంకేతాలు పంపుతాయి). కాబట్టి ఆ ప్రయోగం కొట్టేసింది తప్పుల నుంచి నేర్చుకోవడాన్నే. సంకేతాల పాత్రను అది అసలు ముట్టుకోలేదు.

కప్పలబావి:
ఈ కోణం నాకు తట్టలేదు మేడం, ఒప్పుకుంటున్నా. కానీ పక్కపక్క కణాలు కలిసి మోగితే ఇరుగుపొరుగు తెలుస్తుంది, అంతే. పైన ఏది, కింద ఏది అన్నది తెలియదు. అది ఎవరో ముందే చెప్పాలిగా? స్పెర్రీని అప్పుడే ఇంటికి పంపకండి.